కాలేజీ అప్లికేషన్‌తో కథలు, కవితలు పంపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సెప్టెంబర్ వచ్చిందంటే పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఇదే గొడవ. అమ్మాయి చిన్నప్పటి నుంచి కథలు రాస్తోంది, అవి కాలేజీకి పంపాలా వద్దా, పంపితే లాభమా నష్టమా, ఎన్ని పేజీలు, ఎవరు చదువుతారు? నేను అమెరికాలో ఉంటూ వారాంతాల్లో తెలుగు పిల్లలకి రైటింగ్ క్లాసులు చెబుతుంటాను. ఇవే ప్రశ్నలు వాట్సాప్‌లో మళ్లీ మళ్లీ వస్తుంటాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెట్టేస్తున్నా. ఇందులో ఎక్కువ భాగం అమెరికాలో అండర్‌గ్రాడ్ గురించే. డాలస్‌లో పెరిగిన పిల్లలకైనా, విజయవాడ నుంచి అప్లై చేసేవాళ్లకైనా ఒకటే. ఇండియా, ఇంగ్లండ్ సంగతి కిందెక్కడో కొంచెం ఉంది. ఒక్కమాట, కాలేజీల రూల్స్ ఏటా మారుతుంటాయి, అప్‌లోడ్ బటన్ నొక్కేముందు ఆ కాలేజీ సొంత సైట్‌లో ఆ ఏడాది పేజీ చదవండి. పక్కింటి అన్నయ్య రెండేళ్ల కిందట ఏం చేశాడన్నది లెక్కలోకి రాదు.

ఎస్సేలు రాస్తూనే ఉన్నాం కదా, మళ్లీ ఈ శాంపిల్ ఏమిటి?

రెండూ వేరు. కామన్ యాప్‌లో, అంటే చాలా కాలేజీలకి ఒకేచోట నుంచి అప్లై చేసే సైట్‌లో, పర్సనల్ ఎస్సే 250 నుంచి 650 పదాల మధ్య ఉండాలి, దాంట్లో మీ గురించి మీరు చెప్పుకుంటారు. తర్వాత కాలేజీలు విడివిడిగా అడిగే చిన్న చిన్న ఎస్సేలు. ఇవేవీ క్రియేటివ్ రైటింగ్ శాంపిల్ కిందకి రావు. శాంపిల్ అంటే మీరు రచయితగా రాసినది: కథ, కొన్ని కవితలు, నాటకంలో ఒక రంగం, స్క్రీన్‌ప్లే ముక్క, లేదా కథనంలా సాగే సొంత అనుభవం. ఎస్సేలో మీరెలాంటి మనిషో చూస్తారు. శాంపిల్‌లో మీకు రాయడం వచ్చా రాదా అన్నదే చూస్తారు, మీ కష్టాలూ ఆశయాలూ అక్కడ ఎవరికీ అక్కర్లేదు.

అందరూ పంపాలా?

వద్దు. నిజం చెప్పాలంటే అప్లై చేసే పిల్లల్లో ఎక్కువ మందికి దీని అవసరమే లేదు.

కాలేజీలు ఈ విషయంలో మూడు రకాలు. కొన్ని కోర్సులకి శాంపిల్ తప్పనిసరి. న్యూయార్క్ యూనివర్సిటీ టిష్ స్కూల్‌లో డ్రమాటిక్ రైటింగ్‌కి వెళ్లాలంటే పోర్ట్‌ఫోలియో లేకుండా కుదరదు, ప్రాట్ ఇన్‌స్టిట్యూట్‌లో రైటింగ్ బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) కూడా అంతే. రెండో రకం, ఇష్టమైతే పంపండి అనేవి. ప్రిన్స్‌టన్‌లో ఆర్ట్స్ సప్లిమెంట్ అని ఒకటుంటుంది, సంగీతం, డాన్స్, బొమ్మలతో పాటు క్రియేటివ్ రైటింగ్ కూడా అందులో భాగం. మూడో రకం, పంపినా చూడనివి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు, అంటే బర్కిలీ, యూసీఎల్‌ఏ, శాన్‌డియేగో వగైరా, మామూలు అప్లికేషన్‌కి ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి ఒక్కోటి 350 పదాల్లో జవాబు రాయమంటాయి, అంతే. ఆర్ట్స్‌లో కొన్ని మేజర్లకి (డిగ్రీలో ముఖ్య సబ్జెక్ట్‌ని మేజర్ అంటారు) తప్ప అదనంగా ఏమీ తీసుకోవు. అక్కడికి కథ పంపే దారి కోసం వెతకొద్దు.

గొడవంతా రెండో రకంతోనే. "ఇష్టమైతే" అన్న మాట మన ఇళ్లలో "తప్పకుండా" అని వినిపిస్తుంది. ఒక్క ఖాళీ గడి కనిపిస్తే దాన్ని నింపేదాకా మనకి నిద్రపట్టదు. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. మామూలుగా ఉన్న కథ పంపితే, అప్పటిదాకా "ఈ అమ్మాయి బాగా రాస్తుందట" అనుకుంటున్నవాళ్లకి "ఓహో, ఇంతేనా" అని మనమే సాక్ష్యం ఇచ్చినట్టు.

బాగుందో లేదో మాకెలా తెలుస్తుంది? మాకైతే చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

మీకు తిరుగుతాయి, మీ బిడ్డ కదా. అందుకే మీ అభిప్రాయం ఇందులో చెల్లదు, ఏమీ అనుకోకండి. పిల్లలంటే ప్రత్యేకంగా ప్రేమలేని, బాగా చదివే అలవాటున్న ఇద్దరికి ఇవ్వండి. స్కూల్లో ఇంగ్లీష్ టీచర్ ఒకరు కావచ్చు. "బాగుందా" అని అడక్కండి, మొహమాటానికి బాగుందనే అంటారు. చదివించి, వారం ఆగి "ఆ కథలో నీకేం గుర్తుంది?" అని అడగండి. ఏదో ఒక మనిషో, సన్నివేశమో, వాక్యమో చెప్పగలిగితే పంపే ఆలోచన చేయొచ్చు. "అదే, వలసల గురించి కదా, మంచి మెసేజ్ ఉంది" అన్నారంటే పక్కన పెట్టేయండి.

ఎవరు చదువుతారు? అడ్మిషన్స్ వాళ్లకి అంత టైమ్ ఉంటుందా?

ఫైల్ అంతా చదివేది అడ్మిషన్స్ ఆఫీసర్. ఆర్ట్స్ సప్లిమెంట్ తీసుకునే చాలా కాలేజీల్లో మాత్రం శాంపిల్ ఆ డిపార్ట్‌మెంట్ వాళ్ల దగ్గరికి వెళ్తుంది, వాళ్లు చదివి రెండు మాటలు రాసి వెనక్కి పంపుతారు. డిపార్ట్‌మెంట్ వాళ్లంటే ఎవరనుకుంటున్నారు? ప్రిన్స్‌టన్‌లో 1989 నుంచి 2006 దాకా పాఠాలు చెప్పిన మనిషి టోనీ మోరిసన్, 1993లో నోబెల్ వచ్చినావిడ. అన్ని చోట్లా నోబెల్ వాళ్లు ఉండరు గానీ, చదివేవాళ్లు ఏళ్ల తరబడి పద్దెనిమిదేళ్ల పిల్లల కథలు దిద్దుతున్నవాళ్లు. అలారం మోగడంతో మొదలయ్యే కథలు, చివర్లో "అదంతా కల" అని తేలే కథలు వాళ్లు ఎన్ని చదివి ఉంటారో ఊహించుకోండి. మొదటి పేజీలోనే సంగతి తేలిపోతుంది. పన్నెండో పేజీలో అద్భుతమైన మలుపు ఉందని మీకు తెలుసు, అక్కడిదాకా వాళ్లు రావాలి కదా.

మా వాడు కంప్యూటర్ సైన్స్‌కి అప్లై చేస్తున్నాడు. కవితలు పంపితే సీరియస్‌నెస్ లేదనుకోరా?

అనుకోరు. ఇది పూర్తిగా మన ఊరి భయం, ఎంపీసీ వాడు కథలు రాస్తే ర్యాంకు పోతుందన్న రకం. ఆర్ట్స్ సప్లిమెంట్ ఆ సబ్జెక్ట్ మేజర్ చేసేవాళ్ల కోసమే అన్న రూల్ చాలా కాలేజీల్లో లేదు. అసలు ప్రిన్స్‌టన్‌లో క్రియేటివ్ రైటింగ్ మేజరే లేదు, మైనర్‌గా, అంటే పక్క సబ్జెక్ట్‌గా చేస్తారు, దాంతోపాటు ఏ మేజరైనా చేసుకోవచ్చు. కోడింగ్, రోబోటిక్స్ క్లబ్, మ్యాథ్ పోటీలు ఉన్న వందల ఫైళ్ల మధ్య మంచి కవితలు రాసే కుర్రాడు కనిపిస్తే గుర్తుంటాడు. షరతు పాతదే, కవితలు నిజంగా మంచివై ఉండాలి. తొమ్మిదో తరగతిలో స్కూల్ మ్యాగజైన్‌కి రాసిన ఒక్క కవిత పట్టుకొచ్చి "వీడిలో ఈ కోణం కూడా ఉంది" అని చూపించడానికైతే వద్దు. యాక్టివిటీస్ లిస్టులో రాయడం గురించి ఒక్క ముక్క లేకుండా హఠాత్తుగా కవితల ఫైల్ ఊడిపడితే చదివేవాళ్లకీ అనుమానమే.

గ్రేడెడ్ పేపర్ అడిగారు, మా అమ్మాయి కథ పంపేయమంటారా?

ఆగండి! ఇది వేరే. ప్రిన్స్‌టన్ అందరి దగ్గరా గ్రేడెడ్ రిటన్ పేపర్ అడుగుతుంది. హైస్కూల్ చివరి మూడేళ్లలో ఏదో ఒక క్లాసు కోసం రాసి, టీచర్ దిద్ది మార్కు వేసిన వ్యాసం అది, ఇంగ్లీషో చరిత్రో సోషల్ స్టడీసో అయితే మంచిది. అక్కడ వాళ్లు చూసేది వాదన ఎలా నడిపారు, క్లాసులో ఏ స్థాయిలో రాస్తున్నారు అని. కథ దానికి సరిపోదు. ఇంటర్ బోర్డు పిల్లలకి ఇదొక తలనొప్పి, మన జూనియర్ కాలేజీల్లో అలాంటి వ్యాసాలు రాయించడమే తక్కువ. ఇంగ్లీష్ లెక్చరర్‌ని జూన్‌లోనే పట్టుకుని, ఏదైనా పాఠం మీద రెండు పేజీల వ్యాసం రాసి దిద్దించుకోండి. డిసెంబర్ ఆఖర్లో, సంక్రాంతి సెలవుల టికెట్లు బుక్ చేసుకుంటున్న మనిషిని అడిగితే ఆయన మాత్రం ఏం చేస్తారు.

ఉన్న కథల్లో ఏది ఎంచుకోవాలి?

పొడుగుదో, పెద్ద విషయం మీద ఉన్నదో, బహుమతి వచ్చినదో కానక్కర్లేదు. ఎంచుకునేటప్పుడు ఒకటే చూడండి, ఆ పిల్లకి తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి ఏదైనా ఆ కథలో ఉందా లేదా.

ఒక ఉదాహరణ చెప్తాను. హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి రెండు కథలు పంపింది. ఒకటి యుద్ధంలో చిక్కుకున్న శరణార్థి పాప గురించి, భాష బ్రహ్మాండంగా ఉంది, వార్తల్లో చూసిన దృశ్యాలే వరసగా ఉన్నాయి. రెండోది వాళ్ల అపార్ట్‌మెంట్ కింద బండి మీద ఇస్త్రీ చేసే కుటుంబం గురించి. మొదటి పేజీన్నర సూర్యోదయం, పక్షులు, వాచ్‌మన్ గేటు తీయడం, పాల ప్యాకెట్లు. రెండో పేజీ మధ్యలో ఎక్కడో, ఇస్త్రీ పెట్టెలోంచి నిప్పు రవ్వ ఎగిరి ఫ్లాట్ 402 వాళ్ల యూనిఫాం చొక్కా జేబు మీద పడి, శనగగింజంత చిల్లు పడుతుంది. ఇస్త్రీ వాళ్ల కూతురు రాత్రంతా కూర్చుని తన పాత చొక్కా జేబు విప్పి దానికి కుడుతుంది, తెల్లారాక చూస్తే తెలుపులో తెలుపు కలవలేదు, ఒకటి నీలిమందు వేసిన తెలుపు, ఇంకొకటి వెయ్యని తెలుపు. కథ అక్కడుంది! పైనున్న పేజీన్నర కొట్టేసి, రవ్వ ఎగరడం దగ్గర మొదలుపెట్టమన్నాను. శరణార్థి కథ పక్కన పెట్టించాను. ఆ అమ్మాయికి మొదట నచ్చలేదు, "ఇది చాలా చిన్న విషయం కదా మేడమ్" అంది. చిన్నదే. కానీ నీలిమందు తేడా కనిపెట్టిన కన్ను ఆ పిల్లది, అది వార్తల్లో దొరకదు.

ఎన్ని పేజీలు అన్నది కాలేజీ చెప్తుంది, చెప్పినదానికి ఒక్క పేజీ కూడా ఎక్కువ పంపొద్దు. పది అన్నారని పదీ నింపాల్సిన పనిలేదు, ఆరు పేజీల బిగువైన కథ ఉంటే ఆరే పంపండి. నవలలో భాగం పంపితే దానంతటదే అర్థమయ్యే అధ్యాయం చూడండి. డ్రాగన్లు, ఏడు రాజ్యాలు ఉన్న నవల్లోంచి పదమూడో అధ్యాయం పంపి, పైన అరపేజీ "ఇంతవరకు జరిగిన కథ" పెట్టొద్దు.

అమ్మమ్మ, ఆవకాయ, ఎండాకాలం సెలవులు... ఇవి బాగా నచ్చుతాయటగా?

ఎవరు చెప్పారో గానీ ఈ మాట బాగా పాకింది. అమ్మమ్మ మీద రాయొద్దని అనడం లేదు, మీ అమ్మమ్మ మీద రాయండి. మసాలాల వాసన, ముడతల చేతులు, పట్టుచీర, చివర్లో ఆవిడ పోవడం, మనవరాలికి తన మూలాలు తెలిసిరావడం... ఈ అమ్మమ్మ ఎవరి అమ్మమ్మా కాదు. న్యూజెర్సీ పిల్లలు ఇది ఎక్కువగా రాస్తారు, రెండేళ్లకోసారి మూడు వారాలు చూసిన ఇల్లు కదా, పైపైన కనిపించేదే గుర్తుంటుంది. అలాంటప్పుడు ఎడిసన్‌లో వాళ్ల నాన్న కాన్ఫరెన్స్ కాల్ మ్యూట్‌లో పెట్టి పప్పుకి పోపు వేసే సంగతి రాస్తే వెయ్యి రెట్లు నయం. అది వాళ్లు రోజూ చూస్తున్నది.

ఇంగ్లీష్ కథలో తెలుగు మాటలు వాడొచ్చా అని కూడా అడుగుతారు. హాయిగా వాడండి. ప్రతి మాటకీ పక్కన అర్థం రాయొద్దు, చివర పదకోశం అసలే వద్దు. సందర్భంలో ఎలాగూ తెలిసిపోతుంది, తెలియకపోయినా కొంప మునగదు.

తెలుగులో రాసిన కథ పంపొచ్చా?

చదివేవాళ్లకి తెలుగు రాదు, కాబట్టి ఇంగ్లీష్ అనువాదం ఉండాల్సిందే. కాలేజీ రూల్ ఒప్పుకుంటే తెలుగు మూలం కూడా జత చేసి, "ఇది నేను తెలుగులో రాసి, నేనే ఇంగ్లీష్‌లోకి తెచ్చుకున్నాను" అని ఒక వాక్యం పెట్టండి. రెండు భాషల్లో రాయగలగడం గొప్ప సంగతి, దాచుకోవాల్సింది కాదు. అనువాదం మాత్రం అమ్మో, బాబాయో చేసి పెట్టకూడదు. చేస్తే చదివేవాళ్లు చూసే ఇంగ్లీష్ వాళ్లది అవుతుంది, పిల్లది కాదు.

వేరే రచయిత కథ అనువాదం చేసి పంపడం ఇంకో సంగతి. కొన్నిచోట్ల అనువాదాన్ని శాంపిల్‌గా తీసుకుంటారు, ముందు అడిగి తెలుసుకోండి. మన దేశంలో కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. శ్రీశ్రీ 1983లో పోయారు, అంటే ఇంకా హక్కులు ఉన్నాయి. అప్లికేషన్‌కి పంపినంత మాత్రాన ఎవరూ కేసు వేయరు గానీ, అదే అనువాదం పత్రికలోనో నెట్‌లోనో వేసే ఉద్దేశం ఉంటే అనుమతి అడగాలి. ఎలా పంపినా మూల రచయిత పేరు పైన స్పష్టంగా ఉండాలి.

కవితల్లో ప్రాస ఉండాలా?

అక్కర్లేదు. ప్రాస కోసం వాక్యం మెలికలు తిరుగుతుంటే వదిలేయండి. మూడు నాలుగు కవితలు పంపుతుంటే అన్నీ ఒకే బాధ గురించి కాకుండా చూసుకోండి, అన్నిటికంటే మంచిది ముందు పెట్టండి.

చావు, డిప్రెషన్ లాంటి విషయాలు రాస్తే ఇబ్బందా?

విషయం నిషిద్ధం కాదు. పదిహేడేళ్ల పిల్లలు చీకటి కథలు రాయడం మామూలే. కానీ చదివేది అపరిచితులు, "నేను" అని రాస్తే నిజంగా ఆ పిల్లే అలా ఉందేమోనని కంగారుపడొచ్చు, స్కూల్ కౌన్సెలర్‌కి కబురు రావచ్చు. కల్పిత కథ అయితే పైన "కథ" అని స్పష్టంగా రాయండి. హింసని వర్ణించడమే పనిగా పెట్టుకున్న కథ అయితే వేరేది వెతకండి. ఇంకోటి, కథ చదివి మీకు నిజంగానే పిల్ల గురించి అనుమానం వస్తే అప్లికేషన్ సంగతి తర్వాత, ముందు పక్కన కూర్చుని మాట్లాడండి.

ఎవరితో దిద్దించాలి? కన్సల్టెన్సీ వాళ్లు "పాలిష్ చేసి ఇస్తాం" అంటున్నారు.

టీచర్ చదివి "ఇక్కడ అర్థం కాలేదు, ఈ పేరా అవసరమా" అనొచ్చు. స్పెల్లింగ్ తప్పులు ఎవరైనా చూపించొచ్చు. వాక్యాలు మార్చి రాసిపెట్టడం మొదలైతే అది ఆ పిల్లది కాదు. పాలిష్ అన్న మాటకి బజారులో అర్థం తిరగరాయడమే, మొహమాటం లేకుండా చెప్పాలంటే డబ్బిచ్చి కథ కొనుక్కోవడం. నైతికం సంగతి పక్కనపెట్టినా తెలివైన పని కూడా కాదు. అదే ఫైల్‌లో పర్సనల్ ఎస్సే ఉంటుంది, చిన్న ఎస్సేలు ఉంటాయి, టీచర్ల లెటర్లు ఉంటాయి. అవన్నీ ఒక పిల్లని చూపిస్తూ, కథ మాత్రం ప్రకటనలు రాసే నలభై ఏళ్ల కాపీరైటర్ గొంతుతో ఉంటే పట్టుకోవడానికి డిటెక్టివ్ అక్కర్లేదు.

చాట్‌జీపీటీ సంగతీ అంతే. 2023 నుంచి కామన్ యాప్ తన నిబంధనల్లోనే, ఏఐ రాసిన సరుకుని సొంత రచనగా చూపిస్తే మోసం కింద లెక్క అని పెట్టింది. అది తెలియనట్టు "ఐడియాకే వాడాను ఆంటీ" అంటారు. ఐడియా కూడా దాన్ని అడిగితే ఇక ఆ కథలో నీదేముంది నాయనా? తేదీలు వేసిన పాత డ్రాఫ్టులు, చేత్తో రాసిన నోట్స్ దాచుకోండి, ఎప్పుడైనా ప్రశ్న వస్తే పనికొస్తాయి.

బహుమతులు ఉంటేనే పంపాలా? ఏ పోటీలు మంచివి?

బహుమతి లేకపోయినా పంపొచ్చు. ఉంటే కామన్ యాప్ ఆనర్స్ భాగంలో రాసుకోండి, అక్కడ ఐదింటికే చోటు.

అమెరికాలో ఉన్న పిల్లలకి స్కొలాస్టిక్ ఆర్ట్ అండ్ రైటింగ్ అవార్డ్స్ అందరికీ తెలిసిందే, 1923 నుంచి నడుస్తోంది, ఏడు నుంచి పన్నెండో తరగతి వాళ్లకి. ముందు ప్రాంతీయంగా గోల్డ్ కీ, సిల్వర్ కీ ఇస్తారు, గోల్డ్ కీ వచ్చినవి జాతీయ స్థాయికి వెళ్తాయి. యంగ్‌ఆర్ట్స్ కూడా పేరున్నదే, కానీ అర్హత నిబంధనలు ముందే చదవండి, ముఖ్యంగా హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలు. ఇండియాలో ఉన్నవాళ్లకి రెండు చెప్తాను. ఒకటి కామన్‌వెల్త్ దేశాల పిల్లల కోసం 1883 నుంచి జరుగుతున్న ఎస్సే పోటీ, క్వీన్స్ కామన్‌వెల్త్ ఎస్సే కాంపిటీషన్ అంటారు, పేరు ఎస్సే అయినా కథలూ కవితలూ తీసుకుంటారు. రెండోది ఇంగ్లండ్‌లోని పొయెట్రీ సొసైటీ నడిపే ఫాయిల్ యంగ్ పొయెట్స్ పోటీ, 11 నుంచి 17 ఏళ్ల వాళ్లు ఏ దేశం నుంచైనా ఫీజు లేకుండా పంపొచ్చు.

ఫీజు కట్టిన ప్రతివాళ్లకీ సర్టిఫికెట్ ఇచ్చే "ఇంటర్నేషనల్" పోటీలు, గెలిచిన కథలతో సంకలనం వేసి మన చేతే పది కాపీలు కొనిపించేవి ఉంటాయి, వాటి జోలికి పోకండి.

మా అబ్బాయి పదకొండో తరగతిలోనే అమెజాన్‌లో నవల వేశాడు. పుస్తకం పంపమంటారా?

పుస్తకం మొత్తం ఎవరూ చదవరు. అందులో గట్టి భాగం, కాలేజీ చెప్పిన పేజీల మేరకు శాంపిల్‌గా పంపండి. సొంతంగా పుస్తకం వేసుకోవడం తప్పేమీ కాదు, రెండొందల పేజీలు కూర్చుని రాశాడంటే పట్టుదల ఉన్నట్టే, యాక్టివిటీస్‌లో తప్పకుండా రాయండి. కానీ ప్యాకేజీ కట్టి పుస్తకం వేయించి, ఫంక్షన్ హాల్లో ఎమ్మెల్యే గారి చేత ఆవిష్కరింపజేసి, ఫొటోలు తీయించుకోవడం అప్లికేషన్ కోసమే చేసేటట్లయితే ఆ డబ్బు మిగుల్చుకోండి. డబ్బు కడితే ఎవరి పుస్తకమైనా వస్తుందని అడ్మిషన్స్ వాళ్లకీ తెలుసు.

యాక్టివిటీస్‌లో రాయడం గురించి ఎలా పెట్టాలి?

పది యాక్టివిటీలు, ఒక్కోదానికి 150 అక్షరాలు, అంతకంటే పట్టదు. "సాహిత్యం పట్ల మక్కువ, భావ వ్యక్తీకరణ" అని రాస్తే చోటు వృథా. "స్కూల్ పత్రిక ఎడిటర్, ఏటా రెండు సంచికలు, వచ్చిన కథల్లో ఎంపిక, దిద్దుబాటు, తొమ్మిదో తరగతి వాళ్లకి శనివారం క్లాసు" అంటే పని కనిపిస్తుంది.

ఎక్కడ అప్‌లోడ్ చేయాలి? ఫార్మాట్ ఏమిటి?

చాలా కాలేజీలు స్లైడ్‌రూమ్ అనే సైట్ వాడతాయి, కామన్ యాప్‌లోంచే దానికి లింకు ఉంటుంది. కొన్ని అప్లికేషన్ పెట్టాక ఇచ్చే తమ సొంత పోర్టల్‌లో తీసుకుంటాయి. కొన్నిచోట్ల దీనికి విడిగా ఫీజు ఉంటుంది.

ఫైల్ పీడీఎఫ్‌లో ఉండాలి. మామూలు ఫాంట్, 12 సైజు, డబుల్ స్పేస్, పేజీ నంబర్లు, ప్రతి పేజీ పైన పేరు. కవితలకి సింగిల్ స్పేస్, ఒక్కోటి కొత్త పేజీలో. బొమ్మలు, రంగులు, అంచుకి పూల డిజైన్లు వద్దు. లోపల తెలుగు లిపి ఉంటే పీడీఎఫ్ చేశాక వేరే ఫోన్‌లో తెరిచి చూడండి, ఒత్తులు విడిపోయి, అక్షరాల బదులు డబ్బాలు కనిపించడం మామూలుగా జరిగేదే.

డెడ్‌లైన్ విషయం జాగ్రత్త. ఎర్లీ అప్లికేషన్లు ఎక్కువగా నవంబర్ 1, రెగ్యులర్ జనవరి మొదట్లో ఉంటాయి, కామన్ యాప్‌లో మీరున్న చోటి టైమ్ ప్రకారం రాత్రి 11:59 దాకా. ఆర్ట్స్ సప్లిమెంట్‌కి వేరే తేదీ, వేరే టైమ్ ఉండొచ్చు. ఇండియా నుంచి పంపేవాళ్లు "అమెరికాలో ఇంకా తెల్లారలేదులే" అన్న ధీమాతో ఉండొద్దు.

వాళ్లు అడగలేదు, అయినా చాలా మంచి కథ. అడ్మిషన్స్‌కి మెయిల్ చేయనా?

వద్దు. కామన్ యాప్‌లో అడిషనల్ ఇన్ఫర్మేషన్ గడిలో కూడా అతికించొద్దు, ఇప్పుడది 300 పదాలే, అది వేరే అవసరాలకి. అంతగా ఉంటే పర్సనల్ ఎస్సేలో రాయడం గురించే రాయండి, లేదా ఇంగ్లీష్ టీచర్‌ని ఆ కథ గురించి లెటర్‌లో ప్రస్తావించమని అడగండి. టీచర్ రాసిన రెండు వాక్యాలు ఒక్కోసారి కథ కంటే ఎక్కువ పని చేస్తాయి.

ఇండియాలో కాలేజీలకి ఇది అవసరమా? ఇంగ్లండ్‌కి?

ఎప్‌సెట్‌కీ, జేఈఈకీ, 2022 నుంచి ఢిల్లీ యూనివర్సిటీ తీసుకుంటున్న సీయూఈటీకీ కథలతో పని లేదు. అశోకా లాంటి ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీల్లో ఎస్సేలు, ఇంటర్వ్యూ ఉంటాయి, అక్కడ మీరు రాసే సంగతి మాటల్లో వస్తుంది.

ఇంగ్లండ్ లెక్క వేరు. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీష్‌కి అప్లై చేస్తే స్కూల్లో దిద్దిన వ్యాసం అడుగుతారు, సాహిత్యం మీద విశ్లేషణ అన్నమాట, కథ పంపితే తీసుకోరు. క్రియేటివ్ రైటింగ్ కలిసిన డిగ్రీలు అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఉన్నాయి, వాటిలో కొన్ని శాంపిల్ అడుగుతాయి.

ఎంఎస్‌కి వెళ్తున్నా, ఎస్ఓపీతో (ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం) పాటు నా కథలు పెడితే ప్లస్సా?

కాదు. డేటా సైన్స్ ప్రొఫెసర్‌కి మీ కథ అక్కర్లేదు, ఎస్ఓపీ కూడా కథలా రాయొద్దు. రాయడమే చదువుకోవాలంటే ఎంఎఫ్ఏ అని మాస్టర్స్ డిగ్రీ ఉంది, అక్కడ శాంపిలే సర్వస్వం. 1936లో మొదలైన అయోవా రైటర్స్ వర్క్‌షాప్‌కి కథల విభాగంలో ముప్పై పేజీలకి పైనే పంపాలి. బీటెక్ చేసినవాళ్లు కూడా పెట్టుకోవచ్చు.

నేను ఇంటర్ కాలేజీ హాస్టల్లో ఉన్నా. ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్సే. ఎప్పుడు రాయను?

నిజంగానే కష్టం, టైమ్‌టేబుల్ వేసుకో అని ఉచిత సలహా ఇవ్వను. కొత్తగా ఏమీ మొదలుపెట్టకు. పదో తరగతి సెలవుల్లో రాసిన వాటిలో ఒకటి తీసుకుని ప్రింట్ పెట్టుకో, ఆదివారం ఔటింగ్ రోజు ఒక పేజీ దిద్దు. రఫ్ నోట్‌బుక్ చివరి పేజీల్లో హాస్టల్లో విన్నవీ కన్నవీ రాసుకుంటూ ఉండు, మెస్‌లో ఎవరు ఎవరి ప్లేట్లోంచి అప్పడం లాగేశారు అన్నది కూడా. ఫోన్ ఉండదు కాబట్టి ఆ పేజీల్ని ఇంటికి వచ్చినప్పుడు టైప్ చేసుకో.

పంపేశాక మూడో పేజీలో స్పెల్లింగ్ తప్పు కనిపించింది. టెన్షన్‌గా ఉంది, మళ్లీ పంపమంటారా?

ఒక్క స్పెల్లింగ్ తప్పుకి ఎవరూ సీటు ఆపరు. కొత్త ఫైల్ పంపుతామని ఆఫీస్‌కి మెయిళ్లు పెట్టొద్దు. పేజీలు తారుమారైనా, వేరే ఫైల్ వెళ్లిపోయినా, తెరుచుకోకపోయినా మాత్రం అదే రోజు నాలుగు లైన్ల మెయిల్ రాయండి, అప్లికేషన్ నంబర్ వేసి సరైన ఫైల్ ఎలా పంపాలో అడగండి. ఆ మెయిల్ నాన్న కాదు, అప్లై చేసిన పిల్లే తన ఐడీ నుంచి రాయాలి.